గోడ మీది ముత్తాత

రెండు వేల పంతొమ్మిది అక్టోబరు పదమూడు, ఆదివారం. ఆ రోజు దెమిస్సె ఇంట్లో తిన్నది గుడ్లు వేసిన కోడికూర, పుల్లటి ఇంజెరా రొట్టెలు. కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. మొదటిసారి వదినగారు బెలాయ్నెష్ వేసింది. ఆవిడ బాల్కనీలో ఫోను మాట్లాడుతున్న సమయంలో, కూతురి పెళ్ళిమాటల నాడు తండ్రి చెయ్యి కూడా పడాలి కదా అని దెమిస్సె రెండోసారి వేశాడు. తేదీ గుర్తుండిపోవడానికి ఆ ఉప్పు చాలు. తక్కిన కారణాలు అంతకన్నా ఉప్పగా ఉంటాయి.

దెమిస్సెకి అరవై దాటాయి. అద్దిస్ అబాబాలో చరిత్ర చదివి, డిగ్రీ పుచ్చుకుని, రోమ్ నగరానికి వచ్చి ఆ చదువుకు తగ్గ ఉద్యోగమే సంపాదించాడు. ఒక మ్యూజియంలో పాలరాతి తలకాయలున్న గదికి కాపలా. ఎవరూ ఆ తలకాయల్ని ముట్టుకోకుండా కుర్చీలో కూర్చుని చూడడం పని. ఏ చక్రవర్తి ఎవరి కొడుకో, ఎవరు ఎవరిని దత్తు తీసుకున్నారో, ఎవరికి ఎవరు విషం పెట్టారో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. తన ముత్తాత తండ్రి ఎవరో మాత్రం చెప్పలేడు. ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు గనక ఇన్నాళ్ళూ రోమ్‌లోని ఇథియోపియా వాళ్ళ మధ్య మేధావిగానే చలామణీ అయ్యాడు.

ఆ ప్రశ్న వేసే రోజు వచ్చింది. కూతురు ఫికిర్తె కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. బొలోన్యా ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే కాలెబ్‌ని చేసుకుంటానంది. కుర్రాడు మనవాడే, మర్యాద తెలిసినవాడు, ముసలివాళ్ళు మాట్లాడుతుంటే ఫోను చూడడు. దెమిస్సెకి ఇంకేం కావాలి? ఫికిర్తె మాత్రం ఒక మాట అంది. "నాన్నా, చేస్తే మన పద్ధతిలో చెయ్యాలి. అమ్మ ఉంటే ఎలా చేసేదో అలాగే."

అమ్మ ఉంటే ఎలా చేసేదో అమ్మకే తెలుసు. వొయిన్షెత్ పోయి మూడేళ్ళయింది. అందుకని ఆవిడ అక్క బెలాయ్నెష్ రంగంలోకి దిగింది. పెళ్ళి జనవరిలో, తిమ్కత్ అనే ఏసు బాప్తిస్మపు పండుగ వెళ్ళాక అనుకున్నారు. ఊరి బయట ఒక హాలు చూశారు. పెళ్ళి ఆనవాయితీగా పచ్చి మాంసం వేలాడదీసి కోస్తామంటే హాలు మేనేజరు రెండు చేతులూ ఎత్తేశాడు. ఆరోగ్యశాఖ వాళ్ళు తననే వేలాడదీస్తారన్నాడు. కావాలంటే మంచి పాస్తా పెడతానన్నాడు.

"పెళ్ళికొచ్చినవాళ్ళకి సేమ్యా పెట్టి పంపమంటున్నాడా వీడు? వీడికి అక్కచెల్లెళ్ళు లేరా?" అంది బెలాయ్నెష్ అమ్హారిక్‌లో.

"ఆలోచించి చెబుతామంటున్నారు," అని ఇటాలియన్‌లో అనువదించాడు దెమిస్సె. పెళ్ళి పనుల్లో అతని వాటా చాలావరకు ఇలాంటిదే.

హాలు సంగతి తర్వాత. అంతకు ముందు మగపెళ్ళివారి పెద్దమనుషులు వచ్చి పిల్లను అడగాలి. అడిగినవాళ్ళు జవాబు వచ్చేదాకా నిలబడే ఉండాలి. మొదటిసారి అడిగినప్పుడు కాదనాలి. వెంటనే సరేనంటే పిల్ల ఇంట్లో బరువైపోయిందని నలుగురూ అనుకుంటారు. సొంత దేశంలో అయితే ఆ వచ్చేవాళ్ళు పక్క ఊరివాళ్ళు, కాదనిపించుకుని వెళ్ళి మళ్ళీ పై వారం వస్తారు. వీళ్ళు బొలోన్యా నుంచి రైల్లో రావాలి. అందుకని ఫోనులోనే ఒప్పందం కుదిరింది. వస్తారు, కాదనిపించుకుంటారు, నాలుగంతస్తులు దిగి వీధి మూల మీది బార్‌లో కాఫీ తాగుతారు, మళ్ళీ ఎక్కి రెండోసారి వచ్చినట్టు వస్తారు. సాయంత్రం రైలుకి వెళ్ళిపోతారు.

ఆ ఒప్పందం చివర్లో తెక్లె అయ్యగారు, చర్చిలో పెళ్ళి జరిపించవలసిన ఆయన, ఒక మాట కలిపారు. "తరాల లెక్క సిద్ధంగా పెట్టుకోండి దెమిస్సె గారూ. అటు ఏడు, ఇటు ఏడు. మధ్యలో ఎక్కడైనా ఒకే తాత తగిలాడంటే పిల్లలు అన్నాచెల్లెళ్ళ కింద లెక్క. నేను పెళ్ళి కిరీటాలు పెట్టలేను."

"సిద్ధంగానే ఉంది," అన్నాడు దెమిస్సె. చరిత్ర చదివినవాడు ఇంకేమంటాడు?

ఉన్నది మూడు తరాలు. తండ్రి యిమెర్, తాత అయెలె, ముత్తాత కాసా. ఆపైన పొగమంచు. ఆ పొగమంచులో దారి తెలిసినది వొయిన్షెత్‌కే. అత్తవారి వంశం తన వంశంకన్నా బాగా చెప్పేది. ఆవిడ తర్వాత తెలిసిన మనిషి ఒక్కరే, వొల్దియా ఊళ్ళో ఉన్న మేనత్త జెనెబెచ్. పండుగ పండక్కీ ఆవిడకి ఫోను చెయ్యడం కూడా వొయిన్షెత్ పనే. భార్య పోయిందని చెప్పడానికి దెమిస్సె ఒకసారి చేశాడు. అత్త ఏడ్చింది. అతను ఏమీ అనలేక, ఈస్టర్‌కి చేస్తానని పెట్టేశాడు. ఈస్టర్‌కి చెయ్యలేదు. ఒక పండక్కి మానేస్తే మరిచిపోయాడంటారు. రెండో పండక్కి ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. మూడేళ్ళు గడిచాక ఫోను తీసి, "అత్తా, బాగున్నావా, నా తాతలెవరు?" అని ఎలా అడగడం?

కాబట్టి గురువారం మధ్యాహ్నం, రోమ్‌లో ఇథియోపియా వంటలు దొరికే షిఫెరావ్ హోటల్లో భోంచేస్తూ మిగతా తాతల్ని తానే తయారుచేసుకున్నాడు. నాలుగు, అయిదు, ఆరు సులువుగానే కుదిరారు. దెస్తా, వొల్దె, హైలె. వీధిలో రాయి విసిరితే ఒకడికి తగిలే పేర్లు. ఏడోవాడి దగ్గర చెయ్యి ఆగింది. ఏడోవాడు వంశానికి శిఖరం. ఊరికే హైలె తండ్రి తెస్ఫా అంటే ఏం బాగుంటుంది? దెమిస్సె తల ఎత్తాడు. ఎదురుగా గోడ మీద ఎన్నో ఏళ్ళుగా ఉన్న పెద్ద పటం. సింహపు జూలు తలకి చుట్టుకుని, డాలూ బల్లెమూ పట్టుకుని, మీసం మెలితిప్పిన యోధుడు. కింద బంగారు రంగు అక్షరాల్లో 'ఫితావ్రారి చెర్నెత్, మెన్జ్ సీమ' అని రాసి ఉంది. ఫితావ్రారి అంటే సేనలో అందరికన్నా ముందు నడిచే దళపతి. దెమిస్సెకి ఆ ముక్కు తన ముక్కులాగే కనిపించింది. కడుపు నిండిన మనిషికి పోలికలు త్వరగా దొరుకుతాయి.

ఆదివారం మధ్యాహ్నం పెద్దమనుషులు ముగ్గురు వచ్చారు. ముందు పెళ్ళికొడుకు పెదనాన్న లెగెసె, తెల్లటి శాలువాలో పొడుగ్గా, గంభీరంగా. పక్కన చేతిలో శిలువతో తెక్లె అయ్యగారు. మూడో పెద్దమనిషికి ముప్పై ఆరేళ్ళు. పరాయి దేశంలో పెద్దమనుషులకి కరువు. అతను లెగెసె చిన్న తమ్ముడి కొడుకు. పెద్దరికం కనబడాలని మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు.

"మీ బిడ్డను మా బిడ్డకి అడగడానికి వచ్చాం. మమ్మల్ని మీవాళ్ళను చేసుకోండి," అన్నాడు లెగెసె.

దెమిస్సె అద్దం ముందు సాధన చేసిన కఠినమైన ముఖం పెట్టాడు. "కుదరదు. మా అమ్మాయి చిన్నది. వెళ్ళి రండి." ఇక్కడిదాకా బాగానే ఉంది. కాని ముసలాయన మెట్లెక్కిన ఆయాసంతో రొప్పుతున్నాడు. "కొంచెం మంచినీళ్ళు తాగుతారా?" అనేశాడు.

వెనకనుంచి బెలాయ్నెష్ నడుం గిల్లింది. "కాదన్నవాడు నీళ్ళిస్తాడా? నువ్వు కాదంటుంటే ఔనన్నట్టుంది మరిదీ."

"బయట వాన పడుతోంది వదినా..."

"పడనీ. రెండోసారి వచ్చినప్పుడు తుడుచుకోవడానికి తువ్వాలిద్దువుగాని."

అయినా అతను గొడుగు తీసుకుని మెట్ల మధ్యదాకా పరుగెత్తి ఇచ్చి వచ్చాడు. వాళ్ళు అరగంటలో తిరిగొచ్చారు. సంగతి తెలిసి బార్ యజమాని కాఫీలకి డబ్బు తీసుకోలేదట. ఈ ఊళ్ళో ముప్పై ఏళ్ళలో అతను దెమిస్సెకి ఒక్క కాఫీ ఊరికే ఇచ్చి ఎరగడు. పెళ్ళి మాట వింటే ఎవరిలోనైనా కాస్త మంచితనం బయటపడుతుందేమో అనుకున్నాడు దెమిస్సె.

రెండోసారి అడిగారు. దెమిస్సె సరేనన్నాడు. వంటింటి గుమ్మం దగ్గర ఫికిర్తె నిలబడి నవ్వు ఆపుకుంటోంది. అచ్చం తల్లి నవ్వే. కుర్చీలు చూపిస్తే లెగెసె తల అడ్డంగా ఊపాడు. "ముందు లెక్క తేలాలి. తేలాక కూర్చుంటాం."

దెమిస్సె గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. యిమెర్, అయెలె, కాసా. దెస్తా, వొల్దె, హైలె. ఏడోవాడి దగ్గర గొంతు దానంతటదే పెరిగింది. "హైలె తండ్రి, ఫితావ్రారి చెర్నెత్! మెన్జ్ సీమ నుంచి యుద్ధానికి వచ్చి మా వొల్లో సీమలో స్థిరపడ్డ వీరుడు."

అయ్యగారు మెచ్చుకోలుగా తల ఊపి, "ఇక మీరు," అన్నారు.

లెగెసె ముఖం పాలిపోయింది. తర్వాత మెల్లగా పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. అయిదు చెప్పాడు. ఆరు చెప్పాడు. ఏడు దగ్గర ఆగిపోయాడు.

"ఏడోవారు?" అన్నారు అయ్యగారు.

అప్పుడు మాట మార్చే తెలివి లెగెసెకి లేకపోయింది. కంఠతా పట్టిన పాఠం కంఠంలోంచే వచ్చింది. "ఫితావ్రారి చెర్నెత్," అన్నాడు గొణుగుతూ. "మెన్జ్."

ఒక్క క్షణం దెమిస్సెకి గర్వంగా అనిపించిందంటే నమ్మాలి. తాను మొన్న గురువారం పుట్టించిన తాతకి అప్పుడే ఇంకో కొమ్మ కూడా ఉందన్నమాట! మరుక్షణం అయ్యగారి మాట వినబడింది.

"అయితే పిల్లలిద్దరూ ఒకే తాత బిడ్డలు. ఇది జరగదు."

వంటింట్లో గరిటె కింద పడింది. ఫికిర్తె గుమ్మంలోనే ఉంది. తల్లి ఆసుపత్రి గది బయట నిలబడ్డ రోజున ఎలా చూసిందో తండ్రివైపు అలా చూసింది, నువ్వే ఏదైనా చెయ్యాలి అన్నట్టు. ఆ రోజు అతని చేతిలో ఏమీ లేదు. ఈ రోజు ఉంది. పరువు ఒక్కటే అడ్డం.

"అయ్యగారూ," అన్నాడు దెమిస్సె. "ఆయన మా తాత కాదండీ."

"మరి?"

"షిఫెరావ్ హోటల్లో గోడ మీద ఉంటాడు. గురువారాలు నేను ఆయన కింద కూర్చుని భోంచేస్తుంటాను."

అయ్యగారు శిలువ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

"తక్కినవాళ్ళు?"

"మొదటి ముగ్గురూ నిజం. ఆ తర్వాతివాళ్ళు ఇంట్లో తయారైనవాళ్ళు."

"కూరలో నువ్వు వేసిన రెండో ఉప్పులాగా!" అంటూ బెలాయ్నెష్ బయటికొచ్చింది. "ఇంత చదువుకుని నీకు తాత దొరక్కపోతే దొరక్కపోయె, వాడేనా దొరికింది? ఆ పటం షిఫెరావ్ పెళ్ళాం, నేను కలిసి పాతసామాను సంతలో కొన్నాం. అప్పుడు దానికి పేరే లేదు. గిరాకీ కోసమని తర్వాత రాయించింది. చెర్నెత్ అనేది వాళ్ళ పాత వంటవాడి పేరు!"

ఇంతవరకూ నోరు విప్పని మూడో పెద్దమనిషి ముఖం వెలిగిపోయింది. "అదే అనుకుంటున్నా! పొద్దున రైలు దిగాక, అయ్యగారు చర్చికి వెళ్తే మనం కూర్చున్నది ఆ పటం కిందే కదా పెదనాన్నా? పేరు చదివి, చీటీ మీద..."

"ఒరేయ్," అన్నాడు లెగెసె, తేలు కుట్టిన దొంగలా. "నిన్ను పెద్దమనిషిగా తీసుకొచ్చాను. పెద్దమనుషులు అన్నీ బయటపెట్టరు."

అయ్యగారు శిలువతో నుదురు మెల్లగా కొట్టుకున్నారు. "లెగెసె గారూ, మీరు కూడానా?"

"అయిదుగురి దాకా నిజం అయ్యగారూ. మా అన్నయ్యకి తెలుసు ఆ పైవాళ్ళు. ఆయన పోయాడు. మేమందరం పనుల్లో పడి... ఉత్త చేతులతో పిల్లని అడగడానికి ఎలా వస్తాం?"

దెమిస్సెకి ఆ మాట తన నోట్లోంచి వచ్చినట్టే ఉంది. ఆయన భుజం మీద చెయ్యి వెయ్యాలనిపించింది, కాని ఇంకా బంధుత్వం తేలలేదు.

"మంచిది," అన్నారు అయ్యగారు. "తాతలు తగ్గారు, అబద్ధాలు పెరిగాయి. కాని లెక్క లెక్కే. తెలియకుండా నేను కిరీటం పట్టను. తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా లేదా?"

ఫికిర్తె ముందుకొచ్చింది. "జెనెబెచ్ నాయనమ్మ ఉంది. ఫోను చెయ్యి నాన్నా."

"ఇన్నాళ్ళ తర్వాత ఏ ముఖం పెట్టుకుని చెయ్యమంటావమ్మా?"

"ముఖం కనబడదులే, ఫోనే కదా. పండుగ పండక్కీ నేను చేస్తూనే ఉన్నా. నీ తరఫున అడిగానని చెబుతున్నా." ఆమె అప్పటికే నంబరు నొక్కింది. "తాతల సంగతి కూడా అడిగేదాన్ని. నా దగ్గర సిద్ధంగా ఉందన్నావుగా."

మూడేళ్ళుగా తన బదులు ఎవరో ఒకరు పలకరిస్తున్నారని దెమిస్సెకి తెలియదు. సిగ్గుపడాలో ఊపిరి పీల్చుకోవాలో తేల్చుకునేలోగా ఫోను అతని చేతిలో ఉంది. మాట గదంతా వినబడుతోంది.

"ఎవరూ?"

"అత్తా, నేను. దెమిస్సెని."

"వచ్చావా నాయనా. నాన్న పనిలో ఉన్నాడు, నాన్న పనిలో ఉన్నాడు అని మూడేళ్ళుగా చెబుతోంది నీ కూతురు. మ్యూజియంలో ఆ రాళ్ళు ఎక్కడికైనా పారిపోతాయా, నువ్వు కాస్త ఇటు తిరిగితే?"

పెద్దమనుషులు ఇంటికప్పు వైపు చూస్తున్నారు. దెమిస్సె వాళ్ళందరి ముందే విషయం చెప్పాడు. దాచడానికి ఏమీ మిగలని మనిషికి మాటలు సులువుగా వస్తాయి. అత్త మొత్తం విని, ఊపిరి తీసుకోకుండా అందుకుంది. "మా అన్న యిమెర్. యిమెర్ తండ్రి అయెలె, ఆయన తండ్రి కాసా, ఆయన తండ్రి సెయిద్..."

"సెయిదా? ముస్లిం పేరులా ఉందే?" అన్నారు అయ్యగారు.

"ఎవరది? అయ్యగారా? దండాలు. వొల్లోలో ప్రతి ఇంట్లో ఒక సెయిద్ ఉంటాడండీ. పండుగలు రెండు వైపులా తిన్నవాళ్ళం. సెయిద్ తండ్రి యిమామ్, ఆయన తండ్రి అబెగాజ్, ఆయన తండ్రి బెలెతె. అక్కడికి ఏడు."

"ఆ బెలెతె గారు ఏం చేసేవారత్తా?" అన్నాడు దెమిస్సె. ఇంకా ఎక్కడో చిన్న ఆశ.

"ఒక ఫితావ్రారి దగ్గర ఉండేవాడు."

దెమిస్సె కాస్త నిటారుగా నిలబడ్డాడు.

"గుర్రానికి గడ్డి వేసేవాడు. యుద్ధం మొదలవగానే గుర్రమెక్కి ఇంటికి పారిపోయొచ్చాడు. అక్కడున్న వీరులందరూ పోయారు, వాళ్ళ వంశాలూ పోయాయి. ఆయన పారిపోబట్టి మీరందరూ ఉన్నారు."

ముందు నవ్వింది ఫికిర్తె. తర్వాత బెలాయ్నెష్. దెమిస్సె కూడా నవ్వాడు. సముద్రాలు దాటి వచ్చి కుర్చీలో కూర్చుని రాళ్ళకు కాపలా కాసే తనకి, ఆ డాలూ బల్లెం మనిషికన్నా ఈ తాతే అన్ని విధాలా సరిపోయాడు.

"ఇంతకీ మీవాళ్ళెవరు?" అని అత్త లెగెసెని పట్టుకుంది. ఆయన చేతులు కట్టుకుని, బడిపిల్లాడిలా తన అయిదుగురినీ అప్పజెప్పాడు. అయిదో తాత గొజ్జాం సీమలో, నైలు నదికి ఆవలి ఒడ్డున పుట్టాడనీ, అంతకు ముందువాళ్ళు కూడా ఆ ఒడ్డువాళ్ళేననీ చెప్పాడు.

"అయితే భయం లేదు," అంది అత్త. "మావాళ్ళు ఆ నది దాటిన పాపాన పోలేదు. దాటే ధైర్యమే ఉంటే యుద్ధంలోనే ఉండేవాళ్ళు."

అందరూ అయ్యగారి వైపు చూశారు. ఆయన చాలాసేపు గడ్డం నిమురుకున్నారు. "అటు ఏడు. ఇటు అయిదు, ఒక నది," అన్నారు చివరికి. "ఆ రెంటికీ నది పూచీ. నదికి నేను పూచీ. కూర్చోండయ్యా, నా మోకాళ్ళు పోయాయి."

ముగ్గురూ కూర్చున్నారు. లెగెసె కూర్చుంటూనే, "ఏవండీ వియ్యంకుడు గారూ," అన్నాడు దెమిస్సెతో, మొదటిసారి ఆ వరసపెట్టి. "ఈసారి మంచినీళ్ళిస్తే తాగుతాను."

ఫికిర్తె కాలెబ్‌కి ఫోను చెయ్యడానికి బాల్కనీలోకి పరుగెత్తింది. కోడికూర వడ్డించారు. లెగెసె రెండుసార్లు పెట్టించుకున్నాడు. ఉప్పు సంగతి ఎత్తలేదు. నాలుగు గ్లాసుల నీళ్ళు తాగి, "కారం బాగా పట్టింది," అని మాత్రం అన్నాడు. అబద్ధాలన్నీ ఒకే జాతివి కావని దెమిస్సెకి అప్పుడు తెలిసింది.

ఆనవాయితీ ప్రకారం కాఫీ మూడు విడతలూ అయ్యేసరికి రైలు వెళ్ళిపోయింది. ఎవరూ విచారించలేదు. బెలాయ్నెష్ హాల్లో పరుపులు వేసింది. అయ్యగారికి సోఫా ఇచ్చారు. చిన్న పెద్దమనిషి అందరికన్నా ముందు గురక మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం ఫోను పెట్టేసే ముందు, దెమిస్సె దాన్ని చెవికి ఆనించుకున్నాక, అత్త ఒక మాట అంది. అది ఆవిడ గొంతు తగ్గించి అతనికి మాత్రమే చెప్పింది. "నాకు ఎలాగూ నిద్ర పట్టదు. అందరూ పడుకున్నాక మళ్ళీ చెయ్యి. నా కోడలు చివర్లో ఎలా ఉందో నువ్వు నాకు చెప్పనేలేదు."

దెమిస్సె తన గదిలో మంచం అంచున కూర్చుని నంబరు నొక్కాడు. వొయిన్షెత్ తన చివరి వేసవిలో నేరేడు పళ్ళు అడిగిందని మొదలుపెట్టాడు. అంతకంటే ముందు చెప్పవలసినది ఏదో ఉందనిపించి వెనక్కి వెళ్ళాడు. అత్త ఊఁ కొడుతోంది. తనకి ఇన్ని మాటలు గుర్తున్నాయని అతనికే తెలియదు. ఒకే సంగతి రెండుసార్లు చెప్పినా అత్త తొందరపెట్టలేదు.

ఫికిర్తె నీళ్ళ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. తండ్రి భుజం ఒకసారి తాకి, హాల్లో పడుకున్నవాళ్ళకి మాటలు వినబడకుండా, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది.